తురన్ను హాలు

చదవవలసిన భాగం: అపొస్తలుల కార్యములు 19:8-20, 20:17-38

ఎఫెసు సమాజమందిరంలో పౌలు మాట్లాడింది మూడు నెలలు. కొందరు మొండికేసి, నలుగురిలో ఆ మార్గాన్ని దూషించడం మొదలుపెట్టాక శిష్యులను వెంటబెట్టుకుని బయటికి వచ్చేశాడు. వెళ్లింది తురన్ను అనే ఒకాయన పాఠశాలకు. ఆయన విశ్వాసో, అద్దె తీసుకుని హాలు ఇచ్చినవాడో లూకా చెప్పలేదు. కొన్ని పాత ప్రతుల్లో మాత్రం ఒక చిన్న వివరం అదనంగా కనిపిస్తుంది: ఐదో గంట నుంచి పదో గంట వరకు అని. మన గడియారంలో దాదాపు పదకొండు నుంచి నాలుగు. ఎండకు ఊరంతా తలుపులేసుకునే వేళ, హాలు ఖాళీగా దొరికేది అప్పుడే కాబోలు. తన చేతులతోనే కష్టపడి బతికానని పౌలు తర్వాత చెప్పుకున్నాడు గనుక పొద్దున డేరాల పని, మధ్యాహ్నం వాక్యం అయి ఉంటుంది. వినేవాళ్లూ నిద్ర మానుకునే వచ్చి ఉండాలి.

ఈ ఇబ్బంది హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సులకు వచ్చే పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. మైత్రీవనం చుట్టూ గోడ కనబడనివ్వని బోర్డులు, పొద్దున్నే మొదలయ్యే జావా బ్యాచ్‌లు, చేతిలో కుక్కే కరపత్రాలు, ఒక్కో గదిలో నాలుగేసి మంచాలు. బైబిల్ స్టడీకి మిగిలేది ఇన్‌స్టిట్యూట్ వదిలాక, హాస్టల్ గేటు వేసేలోపు దొరికే ఆ కాస్త వేళే. ఎవరిదో గది, లేదంటే డాబా మీద వాటర్ ట్యాంకు పక్కన. పంజగుట్టలో అయితే ఉద్యోగం చేసుకునే ఏ అన్నా వదినల ఇంటి ముందుగదో. నిమ్స్ వైపు నుంచి నర్సింగ్ అమ్మాయిలు డ్యూటీ దిగి నేరుగా వస్తారు. వాళ్లలో ఒకరు ప్రార్థన మధ్యలో కునుకు తీసినా ఎవరూ ఏమీ అనకూడదు.

మన దేశంలో ఇలా విద్యార్థులే కూడి చదువుకోవడానికి పాత దారే ఉంది. 1954లో ఏర్పడిన యూఈఎస్ఐ (యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా) కాలేజీల్లో నడిపే ఇ.యు.లలో, అంటే ఇవాంజెలికల్ యూనియన్లలో, స్టడీ నడిపేది విద్యార్థులే. పాస్టరుగారి కోసం ఎదురు చూడరు. వాక్యంలో ఏముందో ముందు చూస్తారు, దాని భావం తర్వాత వెతుకుతారు, నన్నేం చేయమంటోందని చివర అడుగుతారు. ఆ మొదటి ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు కూర్చోవాలని నా అభిప్రాయం. మన సంఘాల్లో చూడకముందే చెప్పేయడం అలవాటు. వచనం ముందు పెట్టుకుని "ఇక్కడ ఏముంది?" అన్నప్పుడు గుంటూరు లూథరన్ అబ్బాయి, మెదక్ సీఎస్ఐ అమ్మాయి, ఒంగోలు బాప్టిస్టు, నిన్నగాక మొన్న బైబిలు పట్టుకున్న హిందూ స్నేహితుడు అందరూ ఒకటే. ఊళ్లో అయితే ఏ చర్చికి వెళ్తావన్న ప్రశ్నలోనే ఏ పేటవాడివో తేలిపోతుంది. ఇక్కడ ఒకే చాప మీద మోకాళ్లు తగులుతుంటాయి.

ఎఫెసులో ఆ చదువు ఎంతదాకా వెళ్లిందో చూడండి. విశ్వసించినవాళ్లే చాలామంది వచ్చి, తాము చేసినవి ఒప్పుకున్నారు. మంత్రవిద్య పుస్తకాలు తెచ్చి అందరి ముందూ కాల్చారు. వాటి వెల యాభై వేల వెండి నాణేలు. ఆ నాణెం ద్రాక్మా అయితే, ఒక కూలివాడి యాభై వేల రోజుల కష్టం. అమీర్‌పేటలో అలాంటి కాగితం ఒకటుంది: పని చేయని కంపెనీలో మూడేళ్లు చేసినట్టు రాసుకున్న రెజ్యూమె. "ఎక్స్‌పీరియన్స్ పెట్టావా?" అని టీ కొట్టు దగ్గర మామూలుగానే అడుగుతారు. దానికోసం కట్టిన డబ్బు నాన్న పొలం మీద తెచ్చిన అప్పు కావచ్చు. చెల్లి పెళ్లి ఆ ఉద్యోగం కోసమే ఆగి ఉండొచ్చు. పుల్‌పిట్ మీంచి అబద్ధం పాపమని చెప్పడం తేలిక, ఆ సంగతి కుర్రాడికీ తెలుసు. ఫ్రెషర్‌గానే వెతుక్కుంటానని అతను తేల్చుకున్న రాత్రి, వచ్చే నెల హాస్టల్ ఫీజు ఎలా కడతావని అడిగేవాళ్లు కావాలి. మాక్ ఇంటర్వ్యూ చేసే అక్క కావాలి. తన కంపెనీలో రిఫరల్ పెట్టే సీనియర్ అన్న కావాలి. ఇవేవీ లేకపోతే మన బైబిల్ స్టడీ కూడా ఇంకో కోచింగ్ క్లాసే, సర్టిఫికెట్ ఇవ్వనిది.

ఇంత దగ్గరైన గుంపుకు ఒక దుఃఖం తప్పదు. మూడు నెలల కోర్సు, తర్వాత ఉద్యోగం వేట, ఆపైన బెంగళూరో పుణేనో. గిటార్ వాయించేవాడు వెళ్లిపోతాడు. స్టడీ బాగా నడిపే అమ్మాయికి చెన్నైలో పోస్టింగ్ వస్తుంది. "మన గ్రూపు నిలవడం లేదు బ్రదర్" అని మిగిలినవాళ్లు దిగులుపడతారు. తురన్ను హాల్లో ఆ చదువూ రెండేళ్లే సాగింది. అయినా ఆసియా ప్రాంతంలో ఉన్నవాళ్లంతా వాక్యం విన్నారంటాడు లూకా. పౌలు ఊరూరా తిరిగాడని మాత్రం రాయలేదు. కొలొస్సయివాళ్లు తన ముఖమే చూడలేదని పౌలే అన్నాడు. వాళ్లకు సువార్త చెప్పింది ఎపఫ్రా. అతను ఎఫెసులోనే విని వెళ్లి ఉంటాడని చాలామంది వ్యాఖ్యాతల ఊహ. హాలు ఖాళీ చేసి వెళ్లినవాళ్లే ఆ మాటను అన్ని ఊళ్లకూ మోసి ఉండాలి.

మన నగరానికే అలాంటి మేలు ఒకటి జరిగింది. కెనడాలోని విన్నిపెగ్‌లో ఇంజినీరింగ్ చదువు మీద ఉన్న ఒక పంజాబీ సిక్కు యువకుడు 1929లో స్నేహితుణ్ణి అడిగి కొత్త నిబంధన తీసుకుని చదివాడు. 1933లో దేశానికి తిరిగొచ్చాడు. అతన్ని సాగనంపినవాళ్లలో ముషీరాబాద్ పేరు విన్నవాళ్లు ఉండి ఉండరు. 1950లో అక్కడి గోల్కొండ చౌరస్తాలో హెబ్రోను మొదలుపెట్టిన భక్తసింగ్ ఆయనే.

పౌలు వీడ్కోలు చెప్పినప్పుడు మిలేతులో ఎఫెసు సంఘ పెద్దలు అతనితో మోకాళ్లూని ప్రార్థించి, పౌలు మెడ మీద పడి ఏడ్చి, ఓడ దాకా సాగనంపారు. మనం వాట్సాప్ గ్రూపులో "గాడ్ బ్లెస్ యూ" పెట్టి ఊరుకుంటున్నాం. వెళ్లేవాడికి ఆ ఊళ్లో మనవాళ్ల నంబరు ఒకటి ఇవ్వండి. వాడు వస్తున్నాడని అవతలివాళ్లకు ముందే ఫోన్ చేసి చెప్పండి. మొదటి జీతం వచ్చేదాకా నెలకో రెండుసార్లయినా పలకరించండి.

ప్రార్థన: ప్రభువా, ఈ వారం రూము ఖాళీ చేస్తున్నవాళ్లు కొత్త ఊళ్లో మొదటి ఆదివారం ఒంటరిగా కూర్చోకుండా చూడు. దాచుకున్న కాగితం బయటపెట్టే ధైర్యం మాలో ఒకరికి ఇవ్వు, విన్నాక అతని చేయి వదలని మనసు మిగతావాళ్లకు ఇవ్వు. సోమవారం కొత్త బ్యాచ్‌లో చేరడానికి బ్యాగులతో దిగేవాళ్లను మా దగ్గరికి నడిపించు. ఆమేన్.