మూసిన పెట్టెలోని లోపం ఎవరు చెప్పాలి?

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఒకసారి బజారులో ఒక ధాన్యపు రాశి దగ్గర ఆగారు. రాశి లోపలికి చేయి పెట్టి చూస్తే వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పాడు. మరి తడిసిన గింజలను జనం చూసేలా పైనే ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవానికీ తనకూ సంబంధం లేదని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలోని ఈ ఉల్లేఖనం మనలో చాలామంది విన్నదే. అయితే ఇందులో ఒక సంగతి గమనార్హం. ఆ వర్తకుడు అబద్ధమేమీ ఆడలేదు, అడగ్గానే నిజం చెప్పాడు. అడగకముందే చెప్పకపోవడమే అతని తప్పు.

ఈ దృష్టితో నేటి ఒక కొనుగోలును పరిశీలిద్దాం. హార్డ్ డిస్క్, ఎస్‌ఎస్‌డి, పెన్ డ్రైవ్, మెమరీ కార్డు: వీటిలో మనం దాచుకునేది వాటి ధరకంటే ఎన్నో రెట్లు విలువైనది. పిల్లల నికాహ్ ఫోటోలు, మదరసా జమాఖర్చులు, మరణించిన తండ్రి గొంతు. డ్రైవు పాడైతే కొత్తది దొరుకుతుంది, తండ్రి గొంతు దొరకదు. పైగా ధాన్యంలో చేయి పెట్టినట్టు ఇందులో చేయి పెట్టి చూడలేం. ఒకప్పుడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళి, దుకాణదారు ముందే తగిలించి చూసుకుని కొనేవారు. ఇప్పుడు ఫోనులో బొమ్మ చూసి డబ్బు పంపుతున్నాం. అమ్మినవాడి ముఖం కొన్నవాడు చూడడు, కొన్నవాడి ముఖం అమ్మినవాడూ చూడడు.

మరి చూడని వస్తువును కొనడం ధర్మసమ్మతమేనా? హనఫీ ధర్మవేత్తలు దీన్ని అనుమతించారు. అయితే వస్తువును చూసిన తర్వాత వద్దనుకునే అధికారం కొనుగోలుదారుకు ఉంటుందన్నారు. దానినే ఖియారె రూయత్ అంటారు. ఇది కాక, కొనేటప్పుడు తెలియని లోపం తర్వాత బయటపడితే వస్తువు తిరిగి ఇచ్చి సొమ్ము తీసుకునే హక్కు ఉంది. అది ఖియారె ఐబ్. ఈ రెండవ హక్కును ఎవరో దయతలచి ఇవ్వనక్కరలేదు. ‘రిటర్న్ లేదు’ అని ప్రత్యేకంగా షరతు పెట్టుకోనంతవరకు అది ఒప్పందంలోనే ఇమిడి ఉంటుంది.

లోపమంటే ఏమిటి? మనకు నచ్చనిదల్లా లోపం కాదు. ఆ వృత్తి తెలిసిన వర్తకుల దృష్టిలో వస్తువు ధరను తగ్గించేదే లోపమని ఫిఖహ్ గ్రంథాలు చెబుతాయి. ఒక ఉదాహరణ చూడండి. ఒక టెరాబైట్ డ్రైవు కొని విండోస్ కంప్యూటరుకు తగిలిస్తే 931 జీబీ అని చూపిస్తుంది. మోసపోయానని కొందరు ఫిర్యాదుకు పరుగెత్తుతారు. తయారీదారు టెరాబైట్ అంటే లక్ష కోట్ల బైట్లని లెక్కిస్తాడు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. వస్తువు అదే, కొలబద్దలు రెండు. వర్తకులందరికీ తెలిసిన ఈ వాడుకను పట్టుకుని అమ్మినవాణ్ణి దొంగ అనడం అన్యాయం.

దీనికి పూర్తిగా భిన్నమైనది నకిలీ డ్రైవు. లోపల ఉండేది 64 జీబీ చిప్పు. కాని దాన్ని నడిపే కంట్రోలరుకు ‘నేను రెండు టెరాబైట్లు’ అని చెప్పమని నేర్పి ఉంటారు. కంప్యూటరు ఆ మాట నమ్ముతుంది. ఫైళ్ళు ఎక్కిస్తుంటే ఎక్కుతున్నట్టే కనబడతాయి, పేర్లూ కనబడతాయి. అసలు జాగా నిండిన తర్వాత రాసినదంతా గాలిలో కలుస్తుంది, లేదా పాతదాన్ని చెరిపేస్తుంది. నెలల తర్వాత ఫోటో తెరిస్తే గాని మోసం తెలియదు. అందుకే డ్రైవు చేతికి రాగానే దాన్ని నిండా రాసి తిరిగి చదివి చూసే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 వంటి ఉచిత సాధనాలతో పరీక్షించుకోవాలి. కొన్ని గంటలు పడుతుంది. రిటర్న్ గడువు ముగిశాక విచారించడం కంటే ఆ కొన్ని గంటలు మేలు.

ఈ మోసం కొత్తదేమీ కాదు. అరబ్బులలో కొందరు అమ్మకానికి ముందు కొన్నాళ్ళు ఒంటెనో మేకనో పితకకుండా వదిలేసేవారు. పొదుగు నిండుగా కనిపించేది. కొన్నవాడు రెండో రోజు పితికితే సంగతి తెలిసేది. దైవప్రవక్త (సఅసం) దీనిని నిషేధించారు. మోసపోయినవాడు ఇష్టమైతే ఉంచుకోవచ్చని, లేకుంటే పశువుతో పాటు ఒక ‘సా’ ఖర్జూరాలు కలిపి తిరిగి ఇవ్వవచ్చని తీర్పునిచ్చారు. (హనఫీలు ఈ తీర్పును అన్వయించే తీరు వేరు. మోసం పాపమన్న విషయంలో మాత్రం ఎవరికీ భేదం లేదు.) 2025 మొదట్లో జర్మనీలో బయటపడ్డ వ్యవహారం అచ్చం ఇలాంటిదే. సీగేట్ తయారుచేసిన హార్డ్ డిస్కులు కొత్తవన్న పేరుతో అమ్ముడయ్యాయి. తీరా చూస్తే కొన్ని 15,000 నుంచి 50,000 గంటలు నడిచినవి. ఏడాదంతా ఆపకుండా నడిస్తే 8,760 గంటలు. అంటే వాటిలో కొన్ని అయిదేళ్ళకు పైగా చాకిరీ చేసినవి. డ్రైవు తన వయసు చెప్పే స్మార్ట్ లెక్కను ఎవరో సున్నాకు తిప్పారు. లోపల ఫార్మ్ అనే మరో లెక్క చెరగకుండా ఉండిపోవడంతో గుట్టు రట్టయింది. వాటిని అలా అమ్మింది తాము కాదని కంపెనీ చెప్పింది. పాత డ్రైవు అమ్మడం తప్పు కాదు. పాతదని చెప్పి, ఎన్ని గంటలు నడిచిందో చూపించి, తగిన ధరకు అమ్మితే అది హలాల్ వ్యాపారమే. పొదుగు బిగించడమే తప్పు.

మరి వస్తువు బాగానే ఉండి, కొన్నవాడి పనికి మాత్రం పనికిరానిదైతే? ఇది కొంచెం సున్నితమైన ప్రశ్న. ఇమామ్ గజాలీ (రహ్మలై) ‘ఇహ్యా’లో ప్రస్తావించిన హజ్రత్ వాసిలా బిన్ అస్ఖా (రజి) సంఘటన దీనికి దారి చూపుతుంది. ఒకతను 300 దిర్హములకు ఒంటెను అమ్మాడు. కొన్నవాడు దాన్ని తోలుకుపోయాక వాసిలా (రజి) వెనకాలే పరుగెత్తి ఆపారు. మాంసానికి కొన్నావా, స్వారీకి కొన్నావా అని అడిగారు. స్వారీకన్నాడు. దాని పాదంలో రంధ్రముందని, ఎడతెగని ప్రయాణానికి అది ఆగదని ఆయన చెప్పారు. అతను వెనక్కి తెచ్చాడు, అమ్మినవాడు 100 దిర్హములు తగ్గించాల్సి వచ్చింది. నా బేరం చెడగొట్టావని అమ్మినవాడు నిష్ఠూరమాడితే, ప్రతి ముస్లిం మేలు కోరతామని తాము దైవప్రవక్తకు బైఅత్ చేశామని వాసిలా (రజి) సమాధానమిచ్చారు. గమనించండి, ఆయన అమ్మినవాడూ కాదు, కొన్నవాడూ కాదు. ఆ ఒంటె లోపం ఆయనకు తెలుసు, అంతే.

2020లో వెస్టర్న్ డిజిటల్ కంపెనీ విషయంలో చెలరేగిన వివాదం ఇక్కడ గుర్తుకొస్తుంది. ఇంటి కప్పు మీద పెంకులను ఒకదానిపై ఒకటి కొంచెం ఎక్కించి పేర్చినట్టు, కొన్ని డిస్కులలో రాత గీతలు ఒకదానిపై ఒకటి ఎక్కి ఉంటాయి. ఒక పెంకు మార్చాలంటే పక్కవాటిని కదిలించాల్సిందే. అలాగే ఈ డిస్కులలో రాసినదాన్ని మార్చడం నెమ్మది. ఒకసారి దాచి ఉంచడానికి ఇవి బాగానే పనిచేస్తాయి. నాలుగైదు డిస్కులు కలిసి రాత్రింబగళ్ళు నడిచే చోట ఇబ్బంది పెడతాయి. అలాంటి పనికోసమే అమ్మే ‘రెడ్’ రకంలోని కొన్నింటిలో ఈ పద్ధతి వాడి, ఆ విషయం వివరాలలో రాయలేదు. అడిగేవారు ఎక్కువయ్యాక కంపెనీ జాబితా ప్రకటించింది. అవి పాడైన డిస్కులు కావు. కాని స్వారీకని అడిగినవాడికి పాదం సంగతి చెప్పలేదు.

ఇంతవరకు చదివి ‘అమ్మేవాళ్ళంతా ఇంతే’ అనుకోవడం సులభం. అయితే ఇంటి గుమ్మంలో పార్సిల్ అందిన క్షణం నుంచి పరిస్థితి తలకిందులవుతుంది. ఇప్పుడు పెట్టెలో ఏముందో తెలిసింది కొన్నవాడికి, తెలియనిది అమ్మినవాడికి. చెప్పవలసిన బాధ్యత కూడా చేతులు మారింది. మన పెద్దలు బజారులో వర్తకుడి తూకం గురించి ఎక్కువగా హెచ్చరించారు. నా దృష్టిలో నేడు కొనుగోలుదారు వేలి కొసకూ అంత హెచ్చరిక అవసరం.

పాత కంప్యూటరు బాగుచేయించేలోగా ఫైళ్ళు దాచుకోవడానికి ఒకరు కొత్త డ్రైవు తెప్పించారనుకోండి. పని అయిపోయింది. తిప్పి పంపేటప్పుడు కారణం అడిగితే ‘పనిచేయడం లేదు’ అన్న గడిలో వేలు పెట్టారు. నోటితో ఒక్క మాట అనలేదు, అయినా అది అబద్ధపు సాక్ష్యమే. నచ్చకపోయినా తీసుకుంటామని అమ్మకందారు స్వయంగా గడువు ఇస్తే అది వేరు. అది ఖియారె షర్త్ వంటిది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) దానికి మూడు రోజుల హద్దు పెట్టారు. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) గడువు స్పష్టంగా ఉంటే ఎక్కువ రోజులైనా చెల్లుతుందన్నారు. ఆ అవకాశాన్ని నిజమైన కారణం రాసి వాడుకోవచ్చు. కొత్త డ్రైవు ఉంచుకుని అదే పెట్టెలో చచ్చిన పాత డ్రైవు పెట్టి పంపేవారి గురించి చెప్పేదేముంది? అది దొంగతనం.

చేతిలోంచి జారి కింద పడిన డిస్కు సంగతి ఏమిటి? వచ్చేటప్పుడే లోపమున్నా, మన దగ్గర మరో కొత్త లోపం చేరితే హనఫీ ఫిఖహ్ ప్రకారం వస్తువును బలవంతంగా తిప్పి ఇవ్వలేం. పాత లోపం వల్ల తగ్గిన విలువను మాత్రమే అడగగలం. అమ్మినవాడు సమ్మతించి వెనక్కి తీసుకుంటే సరే. కాబట్టి ఫిర్యాదులో ‘కింద పడింది’ అన్న మాట కూడా రాయాలి. అలాగే లోపం తెలిశాక దాన్ని మామూలుగా వాడుకుంటూ పోతే, దానికి ఒప్పుకున్నట్టే లెక్క. చెడ్డ సెక్టార్లు కనబడిన రోజే వాడకం ఆపి ఫిర్యాదు చేయాలి.

అమ్మకందారు వినకపోతే? 2020లో మన దేశంలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న, నకిలీ, లేదా ప్రకటనకు భిన్నమైన వస్తువును వెనక్కి తీసుకోనని విక్రేత అనకూడదు. 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. హక్కు అడగడం సబర్‌కు విరుద్ధం కాదు.

తిప్పి పంపే డ్రైవులో మన ఇంటి ఆడవాళ్ళ ఫోటోలు ఉండిపోతే అది మరో ముప్పు. డిలీట్ నొక్కితే అవి కనబడకుండా పోతాయే గాని, డిస్కు మీద నుంచి వెంటనే చెరిగిపోవు. పూర్తిగా తుడిచి పంపాలి. ఒకవేళ మనకు వచ్చిన డ్రైవులోనే ఇతరుల ఫైళ్ళు కనిపిస్తే తెరిచి చూడరాదు. ఇతరుల రహస్యాలు ఆరా తీయడాన్ని దివ్యఖుర్ఆన్ హుజురాత్ సూరాలో నిషేధించింది.

చివరికి రిటర్న్ గడువు, వారంటీ రెండూ దాటిన లోపభూయిష్ట డ్రైవు ఒకటి మన బీరువాలో మిగిలిందనుకుందాం. ఫార్మాట్ చేస్తే కొన్నాళ్ళు బాగానే కనబడుతుంది. ‘ఉన్నది ఉన్నట్టు, గ్యారంటీ లేదు’ అని పాత వస్తువుల యాప్‌లో పెట్టి అమ్మేయవచ్చా? హనఫీల వద్ద అన్ని లోపాల నుంచీ బాధ్యత లేదన్న షరతు చెల్లుతుంది. అయితే హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఇలాంటి షరతుతోనే 800 దిర్హములకు ఒక బానిసను అమ్మారు. కొన్నవాడు ఒక జబ్బు చూపి ఫిర్యాదు చేశాడు. లోపం తెలియకనే అమ్మానని ప్రమాణం చేయమని హజ్రత్ ఉస్మాన్ (రజి) ఆదేశించారు. ఇబ్నె ఉమర్ (రజి) ప్రమాణం చేయక, అమ్మినదాన్ని తిరిగి తీసుకున్నారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) బట్టల వర్తకులు. ఆయన భాగస్వామి లోపమున్న వస్త్రాన్ని ఆ సంగతి చెప్పడం మరచి అమ్మేస్తే, కొన్నవాడెవరో తెలియక ఆ సొమ్మంతా సదఖా చేశారని చరిత్రకారులు రాశారు.

డ్రైవును అమ్మడానికి దారి మూసుకుపోలేదు. ఎన్ని సెక్టార్లు చెడ్డాయో చూపే స్క్రీన్ ఫోటో తీసి ప్రకటనలోనే పెట్టండి. ధర తగ్గుతుంది, అడిగేవారూ తగ్గుతారు. అడిగిన ఒక్కరినీ దేనికి కావాలని విచారించండి. విడిభాగాల కోసమంటే ఇచ్చేయండి. పిల్లల ఫోటోలు దాచుకోవడానికంటే, పాదంలో రంధ్రముందని మరొక్కసారి చెప్పండి.