చూడవచ్చినవారు

పూర్వపు రాజులు మాఱువేషములతో రాత్రులు వీధులు తిరిగెడివారని కథలలో చదువుచుందుము. అవి నిజములో కల్లలో గాని వానియందొక తెలివి యున్నది. తాను రాజుగా నిలిచినచోట నిజము నిలువదని యా కథలోని రాజెఱుగును. ఊరిని చూడగోరినవాడు ముందు తన్ను దాచుకొనవలెను. మన నాయకుల పర్యటనములు దీనికి కేవలము విపరీతములు. ముందు పోలీసు జీపు, వెనుక కార్ల బారు, మెడలో కండువాలు, ఎదుట వెనుకకు నడచుచు వీడియో తీయువాడొకడు. ఈ వచ్చినవారు చూచుటకు వచ్చిరా, కనబడుటకు వచ్చిరా యను సందేహము నన్ను చిరకాలముగా బాధించుచున్నది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడును నేడు నల్లగొండ లోక్‌సభ నియోజకవర్గములోనివి. మొదటి రెండును హైదరాబాదు విజయవాడల రహదారిపై నుండుటచే నాయకులకు సులభములు. సూర్యాపేట మార్కెట్టులో ధాన్యపురాశి ముందు నిలిచి గుప్పెడు గింజలు చేతబట్టుట, ఫోటో, పిమ్మట ప్రయాణము. మిర్యాలగూడ సంగతి వేఱు. నాగార్జునసాగరు ఎడమ కాలువ నీటితో చుట్టుపట్ల వరి పెరిగి, వరితో రైసుమిల్లులు పెరిగి, ఆ యూరికి మిల్లులే ముఖమైనవి. కావున వచ్చినవారికి మిల్లు చూపుట పరిపాటి. యజమాని వారిని యంత్రముల నడుమ నడిపించి, నల్లగింజ యొక్కటియు లేక జాఱుచున్న బియ్యమును చూపును. అది నిజముగా ముచ్చటయే, నేనును ముచ్చటపడితిని. కాని యూక మండించు బాయిలరు వెనుకప్రక్క నుండును. ఆ వేడి, ఆ బూడిద, బస్తాలు మోసి భుజము కాయగాచిన హమాలీ అక్కడ నుందురు. గేటు బయట ట్రాక్టరుపై రైతు కూర్చుండును. సర్కారు కొనుగోలు కేంద్రమునకు పోయినచో తేమ నూటికి 17 మించరాదు. పచ్చిధాన్యమును మిల్లుకు తెచ్చినచో ధర యెంత తగ్గింతురో యని వాని బెంగ. నాయకుడు హమాలీ భుజముపై చేయివేసి "బాగున్నావా?" యనును. యజమాని ప్రక్కన నిలిచియుండగా ఆ ప్రశ్నకు రెండవ యుత్తరము గలదా?

అట్లయిన ఈ పర్యటనములు మానివేసి, కచ్చేరిలో కూర్చుండి కాగితములు చదువుకొనుడని కొందఱందురు. నేనొప్పుకొనను. కాగితమునకు వాసన లేదు. 2024 సెప్టెంబరు మొదట కోదాడ నీట మునిగినప్పుడు, ఆ ప్రాంతమున ఎడమ కాలువకు గండి పడినప్పుడు, ముఖ్యమంత్రియు రోడ్డుదారిని సూర్యాపేట జిల్లాకు వచ్చెను. అదియు ఫోటోల కొఱకే యని వెక్కిరించినవారు లేకపోలేదు. కాని యా దినమున బురదపై సున్నము కొట్టుటకు ఎవ్వరికిని వ్యవధి లేకపోయెను. ఉన్నది ఉన్నట్లు కనబడెను. అంతమాత్రమున చూడవచ్చినవారికి నిజము కనబడుటకై ప్రతిసారియు వరద రావలెనా?

ఇంకొక చిక్కు గలదు. చూచినంతమాత్రమున పని యగునా? ఈ జిల్లాలోనే ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంగినవారిని చూచి విచారించి పోయిన పెద్దలకు కొదువ లేదు. నీరు మాత్రము రాలేదు. తుదకు 1996 లోక్‌సభ ఎన్నికలలో జలసాధన సమితి పిలుపుపై బాధితులే నామినేషనులు వేసిరి. నల్లగొండ స్థానమునకు అభ్యర్థులు 480 మంది తేలిరి. బ్యాలెట్టు కాగితము పుస్తకమంత యయ్యెను. తమ్ము చూచి చూడనట్లు పోయినవారికి, వారు తమ పేళ్లనే చదివి తీఱవలసినట్లు చేసిరి. నవ్వినవారు నవ్విరి గాని, అంతకంటె మర్యాదగల కోపమును నేనెఱుగను.

నాయకులను తిట్టుట సులభము. నేనును చాలకాల మా పని చేసితిని. మా ప్రాంతపు బడి యొకదానికి ఒక పెద్దమనిషి రానున్నాడనగా ఆహ్వాన సంఘములో నేనొకడను. ఒక తరగతి గది పైకప్పు కాఱుచుండెను. ఆ గదికి తాళము వేసి, తలుపు ముందు రెండు పూలకుండీలు పెట్టించితిమి. ఆ యుపాయము నాదే. ఆయన వచ్చి, పిల్లల పాట విని, "కొఱత లేమైన నున్నవా?" యని యడిగెను. నిజముగానే యడిగెనని నాకిప్పటికిని తోచును. మేమందఱము నొక్కగొంతుతో "తమ దయవలన నేమియు లేవు" అంటిమి. ముందువరుసలోని చిన్నపిల్ల యొకతె తాళము వంక చూచి, పిదప నా వంక చూచెను.

అతిథి వచ్చినప్పుడు ఇల్లలుకుట మన మర్యాద. దానిని తప్పుపట్టువాడను కాను. కాని వచ్చినవాడు చుట్టమా, వైద్యుడా? వైద్యుని యెదుట పుండుపై పట్టుగుడ్డ కప్పి, అతడు పోయిన పిమ్మట మందీయలేదని తిట్టిన నేమందురు? ఆ వానకాలమున ఆ తరగతి పిల్లలు వరండాలో కూర్చుండి చదివిరి. వారికి మందు దొరకనీయనివాడను నేను.

ఆ బడికి వచ్చు నెలలో మఱియొకరు వత్తురట. కుండీలకు నీళ్లు పోయుచున్నారు. గది తాళపుచెవి నా జేబులోనే యున్నది.