దొంగ జాబితా, ధర్మరాజు రథం

2008 ఫిబ్రవరి 14 ఉదయం. జర్మనీలోని కొలోన్‌లో తపాలా సంస్థ డాయిచ్ పోస్ట్ అధిపతి క్లాస్ ట్సుమ్‌వింకెల్ ఇంటిపై పన్ను అధికారులు దాడి చేశారు. అప్పటికే టీవీ కెమెరాలు గుమ్మం ముందు సిద్ధంగా ఉన్నాయి. లీక్టెన్‌స్టైన్ అనే చిట్టి దేశంలో డబ్బు దాచి పన్ను ఎగ్గొట్టారన్నది ఆరోపణ. మరుసటి ఏడు కోర్టు ఆయనకు రెండేళ్ల శిక్ష వేసింది. జైలుకు పంపకుండా 10 లక్షల యూరోలు కట్టించుకుంది.

అసలు చిక్కు ఆయన దొరికిపోయిన తీరులో ఉంది. లీక్టెన్‌స్టైన్‌లోని ఎల్‌జీటీ బ్యాంకు గ్రూపులో పనిచేసిన హైన్రిక్ కీబర్ ఖాతాదారుల వివరాలు ఎత్తుకొచ్చాడు. జర్మన్ గూఢచారి సంస్థ 40 లక్షల యూరోలకు పైగా పోసి వాటిని కొన్నది. పన్ను దొంగల కోసం ప్రభుత్వమే దొంగసొత్తు బేరమాడింది, అదీ నిజాయితీగా పన్ను కట్టినవాళ్ల సొమ్ముతో!

ముల్లును ముల్లుతోనే తీయాలని మనం తేలిగ్గా అనేస్తాం. మహాభారతం అంత తేలిగ్గా వదలదు. ద్రోణుణ్ణి పడగొట్టడానికి ధర్మరాజు అశ్వత్థామ చచ్చాడని గట్టిగా అని, ఏనుగన్న మాట గొణిగాడు. యుద్ధం గెలిచాడు. కానీ అప్పటిదాకా నేలకు నాలుగు వేళ్ల ఎత్తున సాగిన అతని రథం ఆ క్షణాన నేలకు దిగింది. చివరికి కాసేపైనా నరకం చూడక తప్పలేదు. పని అవసరమైనదే కావచ్చు, దాని లెక్క మాత్రం అతని పేరునే రాసి ఉంది.

మరి ప్రభుత్వాల రథం ఎప్పుడు దిగుతుంది?

జర్మనీలో కనీసం విచారణ జరిగింది. ఇలాంటి సమాచారం ఆధారంగా సోదాలు చేయవచ్చని 2010 నవంబరులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. ఆ తీర్పు నచ్చనివాళ్లున్నారు. స్విట్జర్లాండైతే ఇలాంటి ఖాతాల వివరాలున్న డిస్కు కొనుగోలు వ్యవహారంలో 2012లో ముగ్గురు జర్మన్ పన్ను అధికారులపై అరెస్టు వారంట్లే జారీ చేసింది. అయినా తప్పో ఒప్పో బహిరంగంగా తేల్చుకున్నారు. కొనడం కంటే, చేతికొచ్చాక దాచడమే పెద్ద తప్పు.

ఆ దాపరికం మన దగ్గర జరిగింది. లీక్టెన్‌స్టైన్ జాబితాలోని భారతీయుల పేర్లను జర్మనీ 2009లో మనకిచ్చింది. పన్ను ఒప్పందం ఒప్పుకోదంటూ కేంద్రం వాటిని బయటపెట్టలేదు. 2011 జూలై 4న జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్, తెలుగువారైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డిల సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ వాదనను తోసిపుచ్చింది. తప్పు చేసినట్టు తేలనివారి పేర్లు రచ్చకీడ్చవద్దని కూడా అదే తీర్పు చెప్పింది. ఈ జాగ్రత్తే ధర్మానికి దగ్గరి దారి.

తీర్పు వచ్చినా కేంద్రం కదలడానికి 2014 ఏప్రిల్ దాకా పట్టింది. అప్పుడు కోర్టుకు చెప్పిన లెక్క ఇది: జాబితాలో 26 మంది, వారిలో 18 మందిపై దర్యాప్తు ముగిసింది, మిగిలిన 8 మందిపై ఆధారాలు లేవు.