వచ్చి వెళ్ళే గురువు

హిండన్ నదీతీరాన 1740లో ఘాజీ ఉద్దీన్ నెలకొల్పిన పట్టణం ఘాజియాబాద్. మీరట్ నుండి విడివడి అది ప్రత్యేక జిల్లాగా రూపొందినది 1976 నవంబరు 14న, అనగా నెహ్రూ జయంతినాడు, బాలల దినోత్సవంనాడు. సాహిబాబాద్ కర్మాగారాలు, ఇటుక బట్టీలు, ఢిల్లీకి పనులకు పోయివచ్చే లక్షలాది జనం కలిసి నేటి ఘాజియాబాద్. ఇలాంటి చోట తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలు, తప్పిపోయిన పిల్లలు, పెంచే స్తోమతు లేక ఇంటివారే అప్పగించిన పిల్లలు బాలల వసతి గృహాలకు చేరుతారు. రాజధాని చుట్టుపట్ల పట్టణాలలోని ఈ గృహాలకు సముద్రాలు దాటి అతిథులూ వస్తుంటారు. ఐరోపా నుండో, ఆస్ట్రేలియా నుండో వచ్చిన యువతీయువకులు రెండు వారాలో, ఒక నెలో ఉండి పిల్లలకు ఇంగ్లీషు నేర్పి వెళ్ళిపోతారు. వారిలో అధికులు జీతం ఆశించరు. పైగా తమ ఖర్చులు తామే పెట్టుకుంటారు. ఇంతటి నిస్వార్థంలో విచారించవలసినదేముంది అనిపించవచ్చు. విచారించవలసినది ఉన్నదనే నా అభిప్రాయం.

ముందుగా ఆ అతిథి పక్షాన చెప్పవలసినది చెప్పాలి. ఇంగ్లీషు ఈ దేశంలో కేవలం ఒక భాష కాదు, ఒక ద్వారం. న్యాయస్థానం కాగితం చదవాలన్నా, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవాలన్నా దాని అవసరం ఎదురవుతూనే ఉంటుంది. 2018లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం కొన్ని వేల ప్రాథమిక పాఠశాలలను ఆంగ్ల మాధ్యమంలోకి మార్చడం ఈ ఆకాంక్షకు దక్కిన గుర్తింపే. కలవారి బిడ్డకు కాన్వెంటు ఉన్నది. వసతి గృహంలోని బిడ్డకు ఎవరున్నారు? పరాయి పిల్లవాడి కోసం అంత దూరం నుండి వచ్చిన మనిషిని వెక్కిరించడం మన సంస్కారం కాదు. అందునా, పొరుగునే ఉండి ఆ గడప తొక్కనివారికి ఆ హక్కు అసలే లేదు.

అయినా ప్రశ్న ప్రశ్నగానే మిగులుతుంది. భగవద్గీత పదిహేడవ అధ్యాయం దానాన్ని మూడు విధాలుగా విభజిస్తుంది. దేశ, కాల, పాత్రలను ఎరిగి, ప్రతిఫలం కోరక ఇచ్చినది సాత్త్వికం; ఫలాన్ని ఉద్దేశించి ఇచ్చినది రాజసం. మన పెద్దలు పాత్రత అన్నప్పుడు పుచ్చుకొనేవాని యోగ్యతనే ఎక్కువగా చర్చించారు. ఇక్కడ మాత్రం ఆ తూనికను తిరగవేయక తప్పదు. పుచ్చుకొనేవాడు ఎనిమిదేళ్ళ పసివాడు. అతడు వద్దనలేడు. మీకు పాఠం చెప్పే అర్హత ఏమున్నదని అడగలేడు. కనుక పరీక్షకు నిలవవలసినవాడు దాతయే. కొలువుకు పనికివచ్చే అనుభవపత్రం, విశ్వవిద్యాలయ ప్రవేశానికి ఉపకరించే నాలుగు వాక్యాలు, పిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకొని తీయించుకున్న ఛాయాచిత్రం అతని మూటలో చేరుతున్నప్పుడు, గీత లెక్క ప్రకారం అది ఏ దానమో పాఠకులే నిర్ణయించగలరు.

రాజసమైతే మాత్రమేమి, పిల్లవానికి నాలుగు ముక్కలు వచ్చాయి కదా అని ఒక వాదం. అసలు చిక్కు అక్కడే ఉన్నది. అతిథి పాఠం ఒక్కటే ఇవ్వడు. పేరు పెట్టి పిలుస్తాడు, తల నిమురుతాడు, పాట నేర్పుతాడు. పిల్లవాడు అక్షరాన్ని కాదు, ఆ మనిషిని పట్టుకుంటాడు. నెల తిరిగేసరికి ఆ మనిషి ఉండడు. మరొకరు వస్తారు, మళ్ళీ మొదటి పాఠం, మళ్ళీ మొదటి చనువు, మళ్ళీ వీడ్కోలు. ఒకసారి ఇల్లు పోగొట్టుకున్నవానికి ఏడాదిలో ఎన్నోసార్లు ఆ పోగొట్టుకోవడాన్నే అభ్యాసం చేయించినట్లవుతుంది. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం జాన్ బౌల్బీ రూపొందించిన నివేదిక, పసితనంలో ఒక స్థిరమైన మనిషి ఆదరణ కరువైతే కలిగే హానిని వివరంగా చర్చించింది. పిల్లలను పెంచిన ఏ అమ్మమ్మకైనా ఆ సంగతి నివేదిక చదవకుండానే తెలుసు. కొత్తవారి మీదికి ఇట్టే ఎగబాకి మెడ కౌగిలించుకొనే పిల్లవాణ్ణి చూసి సందర్శకులు ఎంత ప్రేమో అని మురిసిపోతారు. అది తరచు ప్రేమ లక్షణం కాదు, లేమి లక్షణం.

మెక్సికోకు సేవార్థం వచ్చిన అమెరికన్ యువకులతో 1968లో ఇవాన్ ఇలిచ్ నిష్ఠురంగానే మాట్లాడాడు: చూడడానికి రండి, నేర్చుకోవడానికి రండి, సహాయం చేయడానికి మాత్రం రావద్దు అన్నది అతని సారాంశం. ఆనాడది అతివాదంగా తోచి ఉండవచ్చు. కానీ సందర్శకుల కోసమే, వారి విరాళాల కోసమే పిల్లలను ఇళ్ళనుండి తెచ్చి అనాథలుగా చూపే వ్యాపారం కొన్ని దేశాలలో బయటపడ్డ తరువాత, 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వ చట్టం చేసిన సందర్భంలో ఆ దుర్వ్యాపారమూ చర్చకు వచ్చింది. 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ బాలల హక్కుల తీర్మానంలో అనాథాశ్రమాల స్వచ్ఛంద సేవలోని ప్రమాదాన్ని ప్రస్తావించింది. మన బాలల న్యాయ చట్టం, 2015 సైతం పిల్లవాణ్ణి సంస్థలో ఉంచడాన్ని చివరి మార్గంగానే పరిగణిస్తుంది.

దూరం నుండి వచ్చి బోధించడమే దోషమని దీని అర్థం కాదు. మార్గరెట్ నోబుల్ 1898లో కలకత్తా చేరి, ఆ సంవత్సరమే బాగ్‌బజారులో బాలికలకు బడి తెరిచింది. 1911లో సోదరి నివేదితగా ఈ నేలమీదనే కన్నుమూసింది. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ గిడుగు రామమూర్తి పంతులు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై ఉండి, కొండలలోని సవరలకు చదువు చెప్పాలని సంకల్పించినప్పుడు ఆయన చేసిన మొదటి పని వారికి తన భాష నేర్పడం కాదు, వారి భాష తాను నేర్చుకోవడం. గురువు ముందు శిష్యుడైనాడు. సవర భాషలో వాచకాలు వ్రాశాడు, సొంత ఖర్చుతో బడులు నడిపాడు. ఆ భాషకు ఆయన కూర్చిన వ్యాకరణం 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడ్డాయి. అంటే ఆ పని నాలుగు దశాబ్దాలది. కొండల్లో తిరిగి మలేరియా పాలై, వాడిన క్వినైను వల్ల ఆయనకు చెవుడు వచ్చింది. ప్రతివారూ చెవులు పోగొట్టుకోవాలని ఎవరూ అడగరు. కానీ పిల్లల హిందీలో నాలుగు మాటలైనా నేర్వకుండా, వారికి ఇంగ్లీషు నేర్పగలనని దిగే ధైర్యానికీ ఈ వినయానికీ మధ్య దూరం గమనించదగినది.

విదేశీయులను గురించి ఇంతగా వ్రాస్తున్నప్పుడు మనవారిని విడిచిపెట్టడం న్యాయం కాదు. అమెరికాలో పెరిగిన తెలుగు పిల్లలు సెలవులకు వచ్చి, తాతగారి ఊరిలోని ఆశ్రమంలో మూడు వారాలు ఇంగ్లీషు చెప్పి వెళ్ళడం ఇప్పుడు కొత్త కాదు. ఇక రాజధాని ప్రాంతంలో ఉద్యోగరీత్యా స్థిరపడిన మనం బిడ్డ పుట్టినరోజునాడు వసతి గృహానికి కేకు పట్టుకుపోతాం. అక్కడి పిల్లలు వరుసగా నిలబడి, ఎవరి జన్మదినమో తెలియకుండానే చప్పట్లు కొడతారు. (వారిలో కొందరికి తమ పుట్టినరోజు ఏదో తెలియదు.) ఆ ఆనందం ఎవరిదో మనలో చాలామంది ఆలోచించము.

అయితే ఆ వచ్చే యువతి ఏం చేయాలి? వెళ్ళిపోయేవారు వెళ్ళిపోనివారికి నేర్పవచ్చు. ఆమెకున్న ఉచ్చారణ, పద్యాలు, బోధన పద్ధతులు పిల్లలకు కాక, అక్కడే ఏళ్ళ తరబడి పనిచేసే ఉపాధ్యాయురాలికి, వార్డెనుకు అందితే ఆమె విమానమెక్కిన తరువాత కూడా పాఠం ఆగదు. పిల్లవాడు పట్టుకున్న చేయి అక్కడే ఉంటుంది. ఆమె ప్రయాణానికి అయ్యే ఖర్చు ఆ ఉపాధ్యాయురాలికి కొన్ని నెలల జీతం కావచ్చునన్న లెక్క కూడా నిర్వాహకులు చెప్పాలి, మొహమాటపడి చెప్పరు. పేదరికం ఒక్కటే కారణంగా గృహానికి చేరిన బిడ్డ విషయంలో ఇంకొక లెక్క ఉన్నది. మిషన్ వాత్సల్య పథకం క్రింద, పిల్లవాణ్ణి సొంత కుటుంబంలోనే ఉంచి పెంచడానికి నెలకు 4,000 రూపాయల సహాయం ఇవ్వవచ్చు. దానికి దరఖాస్తు నింపి, జిల్లా బాలల సంరక్షణ కార్యాలయానికి రెండు మూడుసార్లు తిరిగే ఓపిక ఉన్నవారు కావాలి. దానికి ఇంగ్లీషు అక్కరలేదు. ఘాజియాబాదులో ఇల్లు కట్టుకొని ఇరవై ఏళ్ళుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఆ కార్యాలయం ఎక్కడున్నదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు.