కుక్కల విషయంలో మన శీలం



వీధికుక్కల మాట ఎత్తగానే మన వాడల్లో చాలామందికి కోపం వస్తుంది. ఎందుకు రాదు? మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు పశువులు తాగొచ్చు, మనం ముట్టకూడదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ ఆ నీళ్లు దోసిట పట్టేదాకా అదే నడిచింది. కుక్క కంటే కింద నిలబెట్టిన జనాన్ని ఇప్పుడు కుక్కమీద కరుణ చూపమంటే మండదా?

పైగా కారులో తిరిగేవాణ్ణి కుక్క కరవదు. తెల్లారకముందే చీపురు పట్టే అక్కని, చెత్తకుప్ప పక్కన ఆడుకునే పిల్లని, ఆరుబయట పడుకునే ముసలాయన్ని కరుస్తుంది. ఊరి చెత్తంతా తెచ్చి మన వాడ పక్కన పోస్తే కుక్కలు ఇంకెక్కడ చేరతాయి?

అయితే చంపేద్దామా? పెద్దమనుషులు విషం పెట్టించాలనుకున్నప్పుడు ఆ పని ఎవరిచేత చేయిస్తారో, కళేబరాలు ఎవరు ఈడుస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. పెత్తనం వాళ్లది, తెగేది మాత్రం మన మొదటి శీలం. 1956లో నాగపూర్‌లో చేసిన 22 ప్రతిజ్ఞల్లో ప్రాణులన్నిటిమీదా దయ చూపి కాపాడతామన్న మాటా ఉంది.

అలాగని బాబాసాహెబ్ అహింసను గుడ్డి నియమం చెయ్యలేదు. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని తన బుద్ధధమ్మ గ్రంథంలో విడదీసి చెప్పారు. కాబట్టి మనం అడగాల్సింది ఒకటే: ఇక్కడ అవసరం ఉందా?

లేదు. ఉన్న కుక్కల్ని చంపితే ఆ ఖాళీలోకి, ఆ తిండికోసం, టీకా లేని కొత్తవి వస్తాయి. నూటికి 70 కుక్కలకు టీకా పడితే రేబిస్ గొలుసు తెగుతుంది. గోవాలో ఏటేటా టీకాలు వేసి, వరసగా మూడేళ్లు మనుషుల్లో ఒక్క రేబిస్ కేసూ లేకుండా చేశారు. 2021లో దాన్ని రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. పట్టుకుని, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, టీకా వేసి, తెచ్చినచోటే వదలాలని 2023 కేంద్ర నిబంధనలూ చెప్తున్నాయి. అది పంచాయతీ, మున్సిపాలిటీల బాధ్యత. విషం చవక గనక విషం అంటున్నారు, అంతే. రోజూ బిస్కెట్లు వేసి, టీకా సంగతి పట్టించుకోని దయ కూడా నాకు సగం దయలాగే కనిపిస్తుంది.

కరిస్తే మాత్రం పసరు, సున్నం, కారం, మంత్రం ఏదీ వద్దు. ధారగా పడే నీళ్లకింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. ఆ రోజే సర్కారు దవాఖానకు వెళ్లండి. చర్మంలోకి వేసే టీకా అయితే 0, 3, 7, 28 రోజుల్లో పడాలి. రక్తం వచ్చిన గాయమైతే దానిచుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అడగండి. లక్షణాలు బయటపడ్డాక ఏ డాక్టరూ బతికించలేడు. కుక్క చిన్నపిల్ల, గీత చిన్నది అని ఊరుకోవద్దు.

ఆపరేషన్ అయిన కుక్కకి చెవి కొసన చిన్న కోత ఉంటుంది. రేపు పొద్దున మీ వాడలో అలాంటి చెవులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. లేకపోతే ఆదివారం వందన అయ్యాక అక్కడే కూర్చుని అర్జీ రాయండి. చెత్తకుప్ప తీసెయ్యమని కూడా అందులోనే రాయండి.