పరికరశుద్ధి

బాక్సింగు నేర్పు శాలలలో ఒక మూల, గోడకు బిగించిన ఇనుపచట్రమున వెడల్పైన గుండ్రని చెక్కపలక నిలిచియుండ, దాని నడుమనుండి ముఖమెత్తున చిన్న తోలుసంచి వ్రేలాడుచుండును. స్పీడ్ బ్యాగ్ అనునది ఇదియే. బలము కొలదీ కొట్టు బరువుసంచి వేరు. ఇది కంటికిని చేతికిని పొందికను, భుజములకు ఓర్పును నేర్పుటకు ఏర్పడినది. పిడికిలి సోకినంతనే సంచి వెనుకకు పోయి పలకను తాకి, ముందునకు వచ్చి తాకి, మరల వెనుక తాకి, అటుపిమ్మట గాని చేతి కెదురు రాదు. ఈ మూడు మ్రోతల లెక్క కుదిరినపుడు మృదంగమున తిశ్రగతి పలికినట్లుండును. చూచువారు ఆ లయ యంతయు ఆటగానిదే యని మెచ్చుకొందురు. కాని అతనిది ఒక్క దెబ్బయే. తక్కినది పలకది, సంచిది, ఆ రెంటిని కలుపు స్వివెల్ అను లోహపు కీలుది.

విశాఖపట్టణము వంటి తీరనగరములలో ఉప్పుగాలికి ఆ కీలు తుప్పుపట్టును. నూనె చుక్క యెరుగని బేరింగు బిగుసుకొని, సంచి తిన్నగా పోక ప్రక్కకు తిరుగును. అట్టి సంచి యెదుట నిలిచిన కుర్రవాడు కీలును శంకింపడు, తన్ను తానే శంకించుకొనును; వంకరగా వచ్చు సంచికి తగినట్లు తన మణికట్టును వంకర చేసికొనును. స్వివెల్ మార్చుట కొద్దిసేపటి పని. వంకరకు మరగిన మణికట్టు అంత సులభముగా మరలదు. విరిగిన పరికరము తాను పనికిరానని పైకే చెప్పును గనుక దానివలన భయము లేదు. సగము చెడియు పనిచేయుచున్న పరికరమే దుర్గురువు.

అట్లని చెడిన దెల్ల పారవేయుమని నా యభిప్రాయము కాదు. సంచిలోపలి గాలితిత్తి యగు బ్లాడరు చిల్లిపడినంతనే క్రొత్తసంచి కొనుట దుబారా. లేసు విప్పి, పాతది లాగివేసి, వాల్వు తోలురంధ్రమున కెదురుగా నిలుచునట్లు క్రొత్తది అమర్చి, కొలదిగా గాలి నింపి ముడుతలు విడిన పిదప లేసు బిగించిన చాలును. గాలి నింపు సూదిని వాల్వున పొడిగా గ్రుచ్చరాదు. గ్లిసరినుతో, అది లేనిచో ఉమ్మితోనైనను తడిపి తిన్నగా దింపవలెను. వేగము వచ్చునని గాలి మితిమీర కొట్టిన కుట్లు విచ్చును. బొటనవ్రేలితో అదిమిన సంచి కొంచెము లొంగవలెను. కాని సంచిని స్వివెల్‌కు తగిలించు పైనున్న తోలు ఉంగరము అరిగినపుడు మాత్రము పొదుపు పనికిరాదు. తెగిన సంచి ఎగిరి ముఖముననే తగులును.

పలక యెత్తు మాటయు నిట్టిదే; అది తప్పినను దుర్గురువే. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబులునను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ విజేతగా నిలిచినది. ఆమెను చూచి గ్లౌజులు తొడిగిన బాలిక, పొడగరి యువకునికై బిగించిన పలక క్రింద భుజములు చెవులదాక ఎగదట్టి కొట్టుచున్నచో, ఆమె నేర్చుచున్నది బాక్సింగు కాదు. సంచిలో లావైన భాగము ఇంచుమించు నోటి యెత్తున ఉండవలెను. పలక దిగనిచో ఆమె పాదముల క్రింద కదలని పీట యొకటి వేయవచ్చును.

శాలలు నడుపు పెద్దలారా, ‘నీ చేయి మందము’ అని పిల్లలను గద్దించుటకు ముందు సంచిని విప్పి, స్వివెల్‌ను వ్రేలితో నలుదెసల త్రిప్పి చూడుడు. నూనె వేసినను గీరుచున్నచో దానిని తీసి క్రొత్తది బిగింపుడు.