ఉప్పుటేటిలో పడిన బంతి

వరికోతలు ముగిసి కుప్పలు కళ్ళములకు చేరిన పిమ్మట, మోళ్ళు మాత్రమే మిగిలిన ఉత్తర అండమానులోని డిగ్లీపూరు పొలములలో పిల్లలు క్రికెట్టు ఆడుదురు. దేశమంతటికిని ఒకే గడియారమగుటచేత, తూర్పున ఇంతదూరముననున్న మాకు డిసెంబరు నెలలో సాయంకాలము అయిదు గంటలకే ప్రొద్దుగూకును. బడి విడిచిన తరువాత వారికి దక్కు వెలుతురు బహుస్వల్పము. తూర్పుబెంగాలు విడిచి 1950ల దశకములో ఇక్కడికి చేరి అడవిని పొలముగా మార్చినవారి మనుమలును, రాంచీ సీమనుండి కూలికి వచ్చినవారి సంతతియు, శ్రీకాకుళపు తీరమునుండి చేపలవేటకు వచ్చి నిలిచిపోయిన మన జాలరుల బిడ్డలును అక్కడ ఒక్కటిగా కలసియుందురు. ఆటలోని కేకలన్నియు హిందీలోనే. కోపము వచ్చినపుడు మాత్రము ఎవరి తల్లిభాష వారిది. ఉద్యోగవిరమణానంతరము కూడ ఈ ఊరిని విడువలేక ఉండిపోయిన నేను, ఆ పొలము గట్టుమీద కూర్చుండి వారి ఆటను చూచుటకు అలవాటుపడితిని.

ఆ పొలమునకు ఒక అంచున మడ అడవి; మడ అడవిలో ఉప్పుటేరు; ఉప్పుటేటిలో మొసళ్ళు. అందుచేత ఆ పిల్లలు తమ ఆటకు ఒక శాసనము చేసికొనిరి: బంతి ఎగిరి మడలో పడెనా, కొట్టినవాడు ఔటు. వారికున్నది ఒక్కటే బంతి, టెన్నిసు బంతికి ఎఱ్ఱని టేపు బిగించి చుట్టినది. బ్యాటు ఇక్కడి పడాక్ చెక్కతో ఒక వడ్రంగి చెక్కి ఇచ్చినది. ఎఱ్ఱగా, నున్నగా, పిల్లల చేతికి మించిన బరువుతో నుండును. పిడికి చుట్టిన సైకిలు ట్యూబు ముక్క చెమటకు జారుచుండగా, ప్రతి బంతికిని ముందు వారు అరచేతిని నిక్కరునకు తుడుచుకొనుట నేను గట్టుమీదనుండి చూచుచుందును.

వారిలో ఇద్దరు అన్నదమ్ములు, ఒక తెలుగు జాలరి కుమారులు. అన్న నిలుచున్నపుడు ఫీల్డర్లందరును అడుగులు వెనుకకు వేయుదురు. వాడు కాలు ముందుకు చాచి, నడుము తిప్పి, భుజములలోని బలమంతయు ఒక్క ఊపులో పెట్టును. తగిలిన బంతి కొబ్బరిచెట్ల తలలమీదుగా పోవును, తగులనిది వికెట్లుగా పాతిన కర్రలను పడగొట్టును. తమ్ముడు నిలుచున్నపుడు అందరును దగ్గరకు వత్తురు. వచ్చినను ప్రయోజనము లేదు, వాడు మణికట్టును కొంచెము త్రిప్పి ఇద్దరి నడుమనున్న సందులోనికి బంతిని జార్చి ఒక పరుగో రెండు పరుగులో తీయును. ప్రొద్దుగూకు వేళకు లెక్క చూచినచో తరచుగా తమ్ముని పరుగులే ఎక్కువ. అయినను చీకటిలో ఇంటికి పోవుచు పిల్లలు చెప్పుకొనునది అన్న కొట్టిన ఆ ఒక్క దెబ్బనుగూర్చియే.

బహుకాలము నేను తమ్ముని పక్షముననే యుంటిని. ప్రతిదినము ఇంత చదివి ప్రతి పరీక్షయందును ఇన్ని మార్కులు తెచ్చుకొను విద్యార్థిని ప్రేమించుట ఉపాధ్యాయునకు స్వభావమైపోవును. కాని మన భాషలో ఒక మాటనుగూర్చి నాకు చిరకాలమునుండి బాధ కలదు. క్రీడలయందు ఒకని నిలుకడను కొలుచు సంఖ్యను మనము సగటు అందుము. ఏ ప్రత్యేకతయు లేనివానిని కూడ సగటు మనిషియే అందుము. ఎన్నో దినముల శ్రమ, ఎన్నో బంతుల యెడ చూపిన నిగ్రహము, ఎన్నో ప్రలోభములను కాదనుకొన్న వివేకము కూడి ఏర్పడిన ఆ సంఖ్యకు మనము పెట్టిన పేరు సామాన్యునకును పెట్టితిమి. తమ్మునివంటివారికి మన నోట న్యాయము జరుగకపోవుటకు ఈ మాట కూడ ఒక కారణమేమో.

నిరుడు డిసెంబరులో అమెరికానుండి నా మేనల్లుడు కుటుంబముతో వచ్చెను. వాని కుమారునికి పండ్రెండేండ్లు. అక్కడి బడిలో బేస్‌బాల్ ఆడును. విమానములో ఆ గుండ్రని బ్యాటును కూడ తెచ్చుకొనినాడు. “మావయ్యా, వీడి కోచ్ ఎంత బలముంటే అంతా పెట్టి కొట్టమంటాడు. నాకేమో నెమ్మదిగా తగిలించడం నేర్చుకుంటే మంచిదనిపిస్తుంది. మీరేమంటారు?” అని మేనల్లుడు అడిగెను. నేను సమాధానము వెదకుచుండగనే ఆ బాలుడు బ్యాటు భుజముమీద వేసికొని పొలమునకు పోయెను.

మా పిల్లలు వానిని ఆదరముతో చేర్చుకొనిరి. నేలపై పడి లేచు బంతి వానికి క్రొత్త. మొదటి రెండును గాలిలోనే ఊపినాడు. మూడవది ఎక్కువ ఎత్తు లేచినది. వెనుక కాలిమీదనుండి వాని నడుము తిరిగిన తీరు, ఆ తరువాత భుజములు, ఆ తరువాత చేతులు, కడకు బ్యాటు, ఒకదానివెంట ఒకటి కొరడా విసరినట్లు వచ్చిన ఆ క్రమము ఇప్పటికిని నా కన్నులయెదుట నున్నది. బంతి కొబ్బరిచెట్లను దాటి, మడచెట్లను దాటి, ఉప్పుటేటి నడుమ ఎక్కడనో పడినది. బాలుడు రెండు చేతులును పైకెత్తి, తాను నేర్చిన విధముగా, నెమ్మదిగా పరుగెత్త నారంభించెను. అదే క్షణమున మా పిల్లలందరును ఒక్క గొంతుతో “ఔట్!” అని అరచిరి.

వాడు నిలిచిపోయి నావైపు చూచెను. “అదేంటి తాతయ్యా?” అన్నపుడు వాని కన్నులలో నీరు తిరిగినది. నేను గట్టు దిగక ముందే తమ్ముడు వాని చేయిపట్టి ఏటివైపు చూపి, రెండు అరచేతులను దవడలవలె తెరచి మూసి, పిమ్మట ఖాళీ చేతులను చూపెను. ఆట ఆ పూటకు ముగిసినది, ఏలయన మరి బంతి లేదు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఒకే ఊపు, ఒకే దెబ్బ; అచట పరమానందము, ఇచట అపరాధము. అట్లయిన బలముగా కొట్టుట మేలా, నిలుకడగా కొట్టుట మేలా అని కొట్టువానిని మాత్రము చూచి తేల్చుటకు వీలులేదు; విఫలుడైనపుడు ఆ వైఫల్యమునకు ఏమి వెల చెల్లింపవలసియుండునో, ఆ వెలను ఎవరు చెల్లింతురో ముందుగా చూడవలెనని నాకు తోచినది.

బేస్‌బాల్‌లో బ్యాటు పట్టినవానికి ఒక్క పోటీలో సామాన్యముగా నాలుగైదు పర్యాయములు అవకాశము వచ్చును. మూడుసార్లు వట్టిచేతులతో వెనుదిరిగినను నాలుగవసారి హోమ్ రన్ కొట్టినచో ఆనాటికి వాడే వీరుడు. బేబ్ రూత్ 1920లో 54 హోమ్ రన్లు కొట్టినపుడు, అమెరికన్ లీగులో అతని జట్టుగాక మరి ఏ జట్టునకును, ఆటగాండ్రందరివి కలిపినను, అన్ని రాలేదు. ఆయన జీవితములో 714 హోమ్ రన్లు. బంతి తగులక ఔటయిన సందర్భములు 1330. అన్ని పర్యాయములు విఫలుడైనవానిని వెనుకకు పిలువక మరల మరల పంపిన ఆట అది. అతనికి ముందుతరమువాడైన టై కాబ్, బ్యాటుపై రెండు చేతులను ఎడముగా పట్టి, దిక్కును చివరి క్షణమువరకు తన వశమున నుంచుకొని, సందులు చూచి కొట్టెడివాడు. జీవితాంతమున అతని సగటు, అనగా వచ్చిన అవకాశములలో సఫలముగా తగిలించిన పాలు, 0.366. అతనికి బలము లేక అట్లు ఆడెననుట పొరపాటు. 1925 మే 5న, ముప్పది యెనిమిదేండ్ల ప్రాయమున, ఒక్క పోటీలో మూడు హోమ్ రన్లును, మరునాడు మరి రెండును కొట్టి, పిదప తన పాతదారికే మరలినాడు. ఆ మరలుటయందు నాకు గొప్ప నిబ్బరము కనబడును.

మన క్రికెట్టులో వైఫల్యమునకు వెల ఎక్కువ. ఒక్క బంతి తప్పినచో ఆ యిన్నింగ్సునకు అంతయు ముగిసినట్లే. గంటల తరబడి కూర్చుండి ఇతరులు ఆడుటను చూడవలసినదే. అందుచేతనే మన పెద్దలు బంతిని నేలమీదనే పోనిమ్మని బోధించిరి. ఇరువది ఓవర్ల ఆట వచ్చిన తరువాత లెక్క మారినది: నూట ఇరువది బంతులకు పది వికెట్లు, అనగా ఒక్కొక్క వికెట్టుకు పండ్రెండు బంతులే, వికెట్టు చౌకయైనపుడు ఊపు పెద్దదగుట సహజము. నేటి కుఱ్ఱలకు ఓర్పు లేదని నిందించువారు ఈ భాగహారమును ఒకసారి చేసి చూడవలెనని నా ప్రార్థన.

అయితే ఆటలోని వెల ఒక్కటియే వెల కాదు. నాగపురమున జన్మించిన మన తెలుగువాడు సి.కె. నాయుడు 1926లో బొంబాయి జింఖానా మైదానమున, ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై, రెండుగంటలైనను పట్టకుండ 153 పరుగులు చేసి, అందులో పదకొండు సిక్సర్లు కొట్టినపుడు, ఆ బంతులు ఎగిరిన ఎత్తునకు పరుగుల లెక్కకు మించిన అర్థము కలదు. పరపాలనలో తలవంచుకొని నిలిచిన జనమునకు తలయెత్తి చూడదగిన దృశ్యమొకటి దొరకినది. అక్కడ నేలమీద జారిన ఒంటి పరుగులు ఎన్ని యున్నను ఆ పని చేయజాలవు. 2001 మార్చిలో కలకత్తాలో, ఫాలో ఆన్ ఆడుచున్న జట్టును హైదరాబాదు లక్ష్మణు 281 పరుగులతో నిలబెట్టినపుడు, అతడు ఎదుర్కొన్న 452 బంతులలో నలుబది నాలుగు ఫోర్లే గాని ఒక్క సిక్సరైనను లేదు. ఆ దినములలో దేశమంతయు కోరినది ఎత్తు కాదు, చెదరని ఆధారము. ఈ ఇద్దరిలో ఎవరు గొప్ప అని నన్నడిగిన నేను మౌనమే వహింతును.

రెండు దినముల తరువాత ఏరియల్ బే జెట్టీయొద్ద ఆ అన్నదమ్ముల తండ్రి కనబడెను. వల బాగుచేసికొనుచు కూర్చున్నాడు. ప్రక్కన గేలపుత్రాడు చుట్టగా చుట్టియున్నది. వలలో కవళ్ళవంటి సన్నచేప ప్రతిదినము కొంతైన పడును; గేలమునకు వంజరము పడినచో వారము గడచును, పడనిచో డీజిలు ఖర్చుకూడ రాదు. ఏ దినమున ఏది వేయవలెనో ఎట్లు నిర్ణయింతువని అడిగితిని. సముద్రపు పోటును, చంద్రుని, గాలిని చెప్పునని యెంచితిని. అతడు తల ఎత్తకుండగనే, “ఇంటికాడ నాలుగు దినాల బియ్యముంటే గేలమేస్తాను మాస్టారూ. నేకపోతే వలే” అనెను. మరికొంతసేపటికి, దారమును పంటితో కొరికి, “పెద్దోడికి బియ్యమెక్కడివో అని నాకు బెంగ” అనెను.

ఆ మాటకు నా గుండె కలుక్కుమన్నది. ఇంతకాలము నేను అన్నయందు చూచినది తొందర. తండ్రి చూచినది వేరు. పెద్ద దెబ్బ కొట్టదలచినవాని వెనుక, వాడు తప్పినను ఆకలి తీర్చగల ఇల్లొకటి ఉండవలెను. లేనివాడు సందులు చూచి ఒంటి పరుగు తీయుటను మనము ఓర్పని మెచ్చుకొందుము. అది ఓర్పో, వేరు దారిలేమియో విచారింపము. నా తరగతిలో నెమ్మదిగా, తప్పులేకుండ చదివి, చిన్న ఉద్యోగముతో తృప్తిపడిన పిల్లలెందరో కలరు. వారిని మెచ్చుకొంటిని. వారిలో ఎవరికైన నాలుగు దినముల బియ్యమున్నచో ఏమి చేసియుందురో అని ఒక్కనాడైనను అడుగనైతిని. ఈ వయసున అది నన్ను బాధించుచున్నది.

బేస్‌బాల్ ఆటగాడు టెడ్ విలియమ్స్ కథను మేనల్లుని కుమారుడే నాకు చెప్పెను. 1941 సెప్టెంబరు 28, ఆ యేటి పోటీలకు చివరి దినము. ఫిలడెల్ఫియాలో రెండు పోటీలు. అప్పటికి అతని సగటు 0.39955, ఆడకుండ కూర్చున్నచో అది 0.400గా పుస్తకములకెక్కును. కూర్చొనవచ్చునని మేనేజరు చెప్పినను అతడు రెండు పోటీలును ఆడి, ఎనిమిదింటిలో ఆరు తగిలించి, వానిలో ఒకటి హోమ్ రన్, 0.406తో ముగించెను. ఆ సంవత్సరము అమెరికన్ లీగులో అందరికంటె ఎక్కువ హోమ్ రన్లు కొట్టినవాడును అతడే, 37. అమెరికన్, నేషనల్ లీగులలో ఆ తరువాత ఎవరును 0.400 చేరలేదు. అంతటివాడును ప్రతి పదింటిలో దాదాపు ఆరు పర్యాయములు విఫలుడయ్యెనని ఆ బాలుడు చెప్పుచున్నపుడు వాని గొంతులో గర్వము వినబడినది. ఆ రెండు విద్యలును అతనికి ఎట్లు కలసివచ్చినవని అడిగితిని. “తనది కాని బంతిని వదిలేసేవాడు తాతయ్యా” అన్నాడు.

మేనల్లుని కుటుంబమువారు వెళ్ళిపోవుచు రెండు డజన్ల టెన్నిసు బంతులను పిల్లలకు ఇచ్చిపోయిరి. మరునాటి సాయంకాలము నేను పొలమునకు పోవుసరికి వికెట్ల కర్రలు పాతచోట లేవు. ఉప్పుటేరు బ్యాటింగు చేయువాని వీపువైపు వచ్చునట్లు, ఎదుట వరిమోళ్ళ బయలంతయు సాగి, దూరమున మేఘములలో శాడిల్ పీక్ కొండ కనబడునట్లు పిల్లలు పిచ్‌ను త్రిప్పియుండిరి. ఎవరి ఆలోచన అని అడుగగా అందరును తమ్ముని చూపిరి. అన్న అరచేతిని నిక్కరునకు తుడుచుకొని పడాక్ బ్యాటు అందుకొనెను. తమ్ముడు బంతి వేయుటకు వెనుకకు నడచుచు, పొలము చివరనున్న పిల్లవానిని ఇంకను దూరముగా పొమ్మని చేతితో సైగ చేసెను.